ఎడమ పెట్టె, కుడి పెట్టె

జనవరి 4

రాధారాణి పోయిన రోజు సంగతి రాసి పెట్టుకుంటున్నాను. రాయకపోతే తరవాత నాకు అనుకూలంగా మారిపోతుంది.

గొంతు ఆపరేషన్ అయ్యాక ఆమెకు మాట లేదు. మెడలో గొట్టం. ఊపిరి దానిలోంచే. ఏం కావాలన్నా పలక మీద రాసేది. పిల్లలు ఆడుకునే నల్ల పలక. పుల్లతో గీస్తే ఆకుపచ్చగా పడుతుంది, కింద బొత్తాం నొక్కితే మొత్తం చెరిగిపోతుంది. ఆమెకు తెలుగు రాత ఒక్కటే వచ్చు. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లోనే అయినా బెంగాలీ, హిందీ నోటికే వచ్చాయి, చేతికి రాలేదు. మా అమ్మాయి పూజది దీనికి తిరగేసిన కథ. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఊళ్ళోనే ఇందా పేటలో బంగ్లా మీడియంలో చదివింది. అందుకని తల్లి ఏం రాసినా నేను చదివి కూతురికి చెప్పేవాణ్ణి.

డిసెంబర్ 15. ఒక మందు ఆసుపత్రి దుకాణంలో లేదన్నారు. నేను ఇందా వెళ్ళాను. పూజ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి తల్లి దగ్గర కూర్చుంది. ముందు రోజు పక్క మంచం ఆవిడ గొట్టం లాగేసుకుందట. అందుకని నర్సు పూజను హెచ్చరించింది. పేషెంటు చెయ్యి మెడ మీదికి పోనివ్వొద్దంది.

రాధారాణి పలక మీద రాసింది. పూజకు అర్థం కాలేదు. ఫొటో తీసి నాకు పంపింది. తల్లి పలకను వేలితో పొడిచి పొడిచి చూపించింది. నాన్న వచ్చి చదువుతారులే అని పూజ సముదాయించింది. రాధారాణి చెయ్యి మెడ దగ్గరికి తీసుకెళ్ళింది. పూజ ఆ చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి లేచింది. అదీ పట్టుకుంది. కాసేపు పెనుగులాడి ఊరుకుంది. నిద్ర పట్టిందని పూజ అనుకుంది. ఇదంతా పూజ చెప్పినదే. తల్లికి చివర్లో తోడున్నానన్న తృప్తితో చెప్పింది.

నేను ఆసుపత్రి గేటు దగ్గర టోటో బ్యాటరీ రిక్షా దిగి ఫోను చూశాను. చదివాను. మెట్లెక్కాను. నన్ను చూడగానే పూజ నోటి మీద వేలు పెట్టింది. చప్పుడు చెయ్యొద్దు, అమ్మ పడుకుంది అని సైగ. తల్లి చేతులు ఇంకా తన ఒళ్ళోనే ఉన్నాయి.

పలక మీద ఉన్నది ఇది.

గొట్టం పూడింది. నర్సుని పిలవే.

డాక్టర్లు వచ్చి వెళ్ళాక వరండాలో పూజ అడిగింది.

"అమ్మ ఏటి రాసినాది నాన్నా?"

"నిద్రొస్తోంది, నువ్వు తిన్నావా అని రాసింది," అన్నాను.

పూజ అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

పలక బొత్తాం నేనే నొక్కాను. ఫొటో పూజ ఫోనులో ఉంది.


జనవరి 5

పూజ మీద నాకు కోపం లేదు.


జనవరి 9

పూజ పాత ల్యాప్‌టాప్ తీశాను. రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో రిటైరయ్యేదాకా కంప్యూటర్ మీదే పనిచేశాను. కానీ అది ఎవరో తయారుచేసిచ్చిన పెట్టెల్లో అంకెలు నింపే పని. పెట్టెలు తయారు చెయ్యడం నాకు తెలియదు. నేర్చుకుంటాను.

చెయ్యదలుచుకున్నది ఇది. తెర మీద రెండు పెట్టెలు. ఎడమ పెట్టెలో తెలుగు టైపు చేస్తే కుడి పెట్టెలో అవే మాటలు బంగ్లా అక్షరాల్లో రావాలి. అనువాదం కాదు. మాట తెలుగే, అక్షరం బంగ్లా. ఈ ఊళ్ళో పూజలాంటి పిల్లలు చాలామంది. తెలుగు వింటే తెలుస్తుంది, చూస్తే తెలియదు. ఆసుపత్రి వార్డులో ఇలాంటిది ఒకటి ఉండాలి. వార్డు కోసమే చేస్తున్నాను.

ఇలాంటివి ఫోనుల్లో ఉన్నాయి కదా అంది పూజ. ఉండొచ్చు. వాటిని నేను చెయ్యలేదు.

హిందీ వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. చెప్పే కుర్రాడు ప్రతి మాట చివర్నా 'సింపుల్ హై' అంటాడు. సాయంత్రానికి రెండు పెట్టెలు తెర మీదికి వచ్చాయి. తెలుగు రాలేదు. అక్షరం ఉండాల్సిన చోటల్లా ఖాళీ గడులు. నేను కొట్టిన అక్షరాలు లోపల ఉన్నాయట, చూపించడానికి దానికి ఫాంటు లేదట.


జనవరి 12

ఫాంటు పెట్టాను. గడులు పోయి అక్షరాలు వచ్చాయి.

పరీక్షకు ఒక వాక్యం కావాలి. ప్రతిసారీ అదే కొడితే ఏది బాగుపడిందో ఏది చెడిందో తెలుస్తుందని వీడియోలో చెప్పాడు. 'గొట్టం పూడింది. నర్సుని పిలవే.' దీనిలో ఒత్తు ఉంది. సున్నా, గుడి, కొమ్ము, ఒత్వం, ఏత్వం ఉన్నాయి. చిన్న వాక్యం. అందుకే తీసుకున్నాను.


జనవరి 15

ఎడమ పెట్టెలోని తెలుగును ఫైల్లో దాచి మళ్ళీ తెరిస్తే టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు వరసగా వచ్చాయి. దాచేటప్పుడు ఒక పద్ధతి, తెరిచేటప్పుడు ఇంకో పద్ధతి వాడానట. రెండు చోట్లా ఒకటే పద్ధతి రాశాను. వాక్యం మళ్ళీ వాక్యంలా వచ్చింది.

పూజ తన ఫోను తెర మీద పలక ఫొటో పెట్టుకుంది. అన్నం తింటున్నంతసేపూ అది నా కంచం పక్కనే వెలుగుతూ ఉంది. చివరికి నేను ఆ ఫోనును బోర్లించాను. వేడెక్కుతోందని చెప్పాను.

వాళ్ళ ఫ్యాక్టరీలో తెలుగువాళ్ళు ఎవరూ లేరు. మాటల్లో కనుక్కున్నాను.


జనవరి 24

తెలుగు అక్షరం ఒకవైపు, దానికి సరిపడే బంగ్లా అక్షరం ఇంకోవైపు, జతలన్నీ ఒక ఫైల్లో రాసుకున్నాను. చాలా పని. ఇవాళ సేవ్ చేసేటప్పుడు కంప్యూటర్ ఏదో అడిగింది. ఆఫీసు అలవాటు, ఏమడిగినా ఓకే కొడతాను. కొట్టాను. తెరిచి చూస్తే అన్నీ ప్రశ్నార్థకాలు. తెలుగు లేదు, బంగ్లా లేదు. వరసగా ప్రశ్నార్థకాలు, మధ్యలో నేను పెట్టుకున్న కామాలు.

వెనక్కి తెచ్చే దారి వెతికాను. లేదు. టోపీల జబ్బుకు మందుంది. లోపల అక్షరం అలాగే ఉంటుంది, చదవడంలోనే తప్పు. ప్రశ్నార్థకాల జబ్బుకు మందు లేదు. దాచేటప్పుడే అక్షరం పోయింది.

మళ్ళీ మొదటినుంచి కొడుతున్నాను.


ఫిబ్రవరి 2

పూజ పచ్చబొట్టు వేయించుకుంటానంది. వాళ్ళమ్మ పిన్ని పోలమ్మకు ముంజేతి మీద పచ్చబొట్లు ఉన్నాయి, పాతకాలం చుక్కలు, ముగ్గులు. అలాంటివి కాదు, గోల్ బజార్‌లో ఇప్పుడు మిషనుతో వేస్తున్నారు, ఫొటో ఇస్తే ఫొటోలో ఉన్నది ఉన్నట్టు దించుతారట.

"అమ్మ రాత ఏయించుకుంటాను నాన్నా. పలక మీదది. అమ్మ నాకోసం రాసినాది అదొక్కటే కదా."

పక్కన కూర్చుని ఫోను నా ముందు పెట్టింది. ఏ ముక్క ఏమిటో చూపించమంది. చేతి మీద మోసే మాట తనకు తెలియాలి కదా అంది.

మొదటి మాట మీద వేలు పెట్టి నిద్ర అన్నాను. రెండోదాని మీద పెట్టి వస్తోంది అన్నాను. మూడోది నువ్వు. నాలుగోది తిన్నావా.

పూజ నాలుగింటినీ నా వెనకే అంది. బళ్ళో చెప్పినట్టు.

రేపు చెప్తాను.


ఫిబ్రవరి 3

అలిసిపోయి వచ్చింది. చెప్పలేదు.


ఫిబ్రవరి 8

ఎత్వంతో తిప్పలు. తెలుగులో ఎత్వం అక్షరం నెత్తిన ఉంటుంది. బంగ్లాలో అక్షరానికి ఎడమ పక్కన, ముందే ఉంటుంది. ఒత్వమైతే అక్షరాన్ని రెండు వైపులా పట్టుకుంటుంది. ముందు కనిపిస్తోంది కదా అని నేను ముందే పెట్టాను. అక్షరం నుంచి విడిపోయి చుక్కల సున్నాను పట్టుకుని వేలాడింది. మూడు రోజులు పోయాయి. తీరా చూస్తే, కనిపించేది ముందైనా రాసేది వెనకే. వెనక పెడితే అదే ముందుకు జరుగుతుంది.

ఇంకొకటి గమనించాను. 'పిలవే' చివర ఒకసారి వెనక్కి నొక్కితే 'పిలవ' మిగులుతుంది. మళ్ళీ నొక్కితే 'పిల'. మనకు ఒకటిగా కనిపించే అక్షరం కంప్యూటర్‌కు రెండు ముక్కలు.

పూజ వచ్చే ఆదివారానికి గోల్ బజార్‌లో టైము తీసుకుంది. ఇంకా వారం ఉంది.


ఫిబ్రవరి 14

రేపు పొద్దున్న, వెళ్ళేముందు చెప్తాను.


ఫిబ్రవరి 15

నేను లేచేసరికి స్నానం చేసి తయారైంది. వాళ్ళమ్మ గాజులు వేసుకుంది. చాలా రోజులకు ముఖం తేటగా ఉంది. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను.

మధ్యాహ్నం వచ్చింది. ఎడమ ముంజేతి మీద పలచటి ప్లాస్టిక్ చుట్టి ఉంది. కింద చర్మం ఎర్రగా పొంగి ఉంది. రాధారాణి చెయ్యి వణికిన చోటల్లా ఆ గీత కూడా వణికింది. ఒక్కటీ తప్పిపోలేదు. 'పూడింది' తరవాత చుక్క ఉన్న చోట వేసినవాడు చిన్న నక్షత్రం పెట్టాడు. అది వాడు ఉచితంగా వేశాడట.

"బాగా వచ్చినాదా నాన్నా?"

"బాగుంది," అన్నాను.

కొబ్బరినూనె రాయమంటే రాశాను.


ఫిబ్రవరి 27

కుడి పెట్టెలో మొదటిసారి 'గొట్టం' వచ్చింది. మిగతావి రాలేదు.


మార్చి 15

మూడో మాసికం. వంట పూజ చేసింది. పోలమ్మత్త నిమ్‌పురా నుంచి వచ్చింది. వచ్చినప్పటినుంచీ నసే. ఈ ఏడు అమ్మవారి మాతాపూజకు మన గడప నుంచి ఘటం వెళ్ళదని, మైల ఇల్లని, రాధ ఉంటే వీధంతా కదిలేదని. తినేటప్పుడు పూజ పెట్టిన చారును కూడా వదల్లేదు.

"ఇది సారు కాదే, ఏన్నీళ్ళు. మీ అమ్మ సారు తాగి సచ్చిపోయినా పర్లేదనిపించేది."

పూజ నవ్వింది. ఆ నవ్వులోనే చెయ్యి చాపి పచ్చబొట్టు చూపించింది. అమ్మమ్మా, నీకంటే మంచిది అంది.

పోలమ్మత్త కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. పూజ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది. ఆవిడ చదువు పెదాలతోనే. పెదాలు నక్షత్రం దాకా కదిలాయి. నక్షత్రం దాటి చివరిదాకా కదిలాయి. ఆగిపోయాయి. పూజ మడుచుకున్న చొక్కా చేతిని పోలమ్మత్త మెల్లగా కిందికి లాగింది. బాగుంది తల్లీ, ఇంకాస్త అన్నం పెట్టు అంది. పెట్టినది తినలేదు.

టోటో కోసం వీధిలో నిలబడ్డాం. పూజ లోపల గిన్నెలు కడుగుతోంది.

"సూది గుచ్చించుకోకముందే సదివినావు కదా బాబూ?"

టోటో వస్తోందేమోనని వీధి చివరికి చూశాను.

"ఆ గుంటకి సెప్పనేక ఊరుకున్నావనుకున్నాను. కాదు. దాని సేతి మీద ఉండాలనే ఊరుకున్నావు. పెళ్ళాం పోయిన కచ్చ ఎవుల మీదో ఒకల మీద ఎయ్యాల కదా."

టోటో వచ్చింది. ఎక్కించాను.

ముసలావిడ. నోటికొచ్చింది అంటుంది. పూజ మీద నాకు కోపం లేదు. ఈ మాట ఇంతకుముందు కూడా రాశాను.


మార్చి 17

ల్యాప్‌టాప్ పట్టుకుని వార్డుకు వెళ్ళాను. సగమే తయారైంది, అయినా చూపిద్దామని. అప్పటి నర్సు లేదు, ఇంకొకావిడ ఉంది. విన్నది. మర్యాదగానే మాట్లాడింది. దాదా, ఊపిరాడనివాళ్ళు టైపు చేస్తారా అంది బెంగాలీలో. మంచం పక్కన గంట బొత్తాం ఉంటుంది, దాన్ని నొక్కడం ఇంటివాళ్ళకు నేర్పితే చాలంది. చూపించింది. ప్రతి మంచానికీ ఉంది. రాధారాణి పడుకున్న మంచానికి కూడా ఉంది. గోడకు, తలవైపు.

థాంక్స్ చెప్పి వచ్చేశాను.

వార్డుకు అక్కర్లేదు. మొదలుపెట్టిన పని కాబట్టి పూర్తి చేస్తాను.


మార్చి 22

ఆదివారం. మధ్యాహ్నం రెండు పెట్టెలూ ఒకేసారి సరిగ్గా వచ్చాయి. ఒత్తు ఒత్తు చోట ఉంది, సున్నా సున్నా చోట ఉంది. నేనే పూజను పిలిచాను. పనిచేస్తోంది చూడు అన్నాను. పెట్టెలో ఏ వాక్యం ఉందో ఆ క్షణంలో నాకు గుర్తులేదు.

పూజ కుర్చీ లాక్కుని కూర్చుంది. కుడి పెట్టెలోది పైకి చదవడం మొదలుపెట్టింది. బంగ్లా అక్షరం కాబట్టి నోరు బంగ్లా వైపు పోయింది.

"గొట్టొం... పూడిందీ..." అని నవ్వింది. "నీ కంప్యూటరు బెంగాలీ కోడల్లాగ మాటాడతంది నాన్నా. నొర్సుని పిలొబే." మళ్ళీ నవ్వింది. "పిలొబే ఏటి. పిలవే కదా."

తను దిద్దిన మాట తన చెవిన పడ్డాక ఆగింది.

మొదటినుంచి మళ్ళీ చదివింది. ఈసారి ఇంట్లో మాట్లాడే తెలుగులో, మెల్లగా. వాళ్ళమ్మ గొంతు అలాగే ఉండేది.

ఎడమ పెట్టె చూసింది. చొక్కా చెయ్యి పైకి మడిచింది. ముంజేతిని తెరకు ఆనించి పెట్టింది. ఒక్కో అక్షరం అటూ ఇటూ చూసుకుంది. చివరిదాకా చూసుకుంది. నేను వెనక నిలబడే ఉన్నాను.

"ఇడిపించుకుంటంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను," అంది.

"నర్సు అలాగే చెయ్యమంది."

"నీకు ఆ రోజే తెలుసు."

"తెలుసు."

"తెలిసీ దీంట్లో రోజూ ఇదే కొడతన్నావా?"

"పరీక్షకి ఏదో ఒక వాక్యం ఉండాలి."

పూజ నావైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నాకు సెప్పనేక కంప్యూటరుకి నేర్పినావు."

లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను కాసేపు ఆ తలుపు దగ్గర నిలబడి వచ్చేశాను.

ప్రోగ్రాం సరిగ్గానే పనిచేసింది. వ ఒక్కటే సరిచెయ్యాలి. బంగ్లాలో వ లేదు. బ పెట్టాను.


మార్చి 23

పూజ వెళ్ళిపోయింది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ దగ్గర ఫ్యాక్టరీ అమ్మాయిలు కలిసి అద్దెకు ఉంటున్న గది ఉంది. అక్కడికి. చేతికి పొడవు చేతుల చొక్కా. ఎండ మండుతోంది.

గుమ్మంలో ఒక్కటే అడిగింది. "నన్ను బంగ్లా బడిలో ఏసినప్పుడు, తెలుగు నేర్చుకుని ఏటి సేస్తాది అన్నాది ఎవులు?"

వాళ్ళమ్మ కూడా ఒప్పుకుంది. ఆ మాట చెప్పేలోపు మెట్లు దిగింది.


మార్చి 29

వ సరిచేశాను. బంగ్లావాళ్ళు రెండు అక్షరాలు కలిపి వ పలికిస్తారు. అది పెట్టాను.


మార్చి 30

ఇల్లు తుడిచాను.


ఏప్రిల్ 2

పూజ ఫోను చేసింది. బాగున్నావా అని అడగలేదు. ఆసుపత్రిలో వాళ్ళమ్మ పలక మీద రాసినవన్నీ, చెరిపేముందు ఫొటోలు తీసిందట. నాకు తెలియదు. ఒక్కోటీ పంపుతానంది.

"నువ్వు సదివి సెప్పొద్దు. ఎడం పక్క కొట్టు. కుడి పక్క వచ్చినాది నాకు పంపు. నేను సదువుకుంటాను."

సరే అన్నాను.


ఏప్రిల్ 5

రోజుకు రెండు మూడు వస్తున్నాయి. ఉన్నది ఉన్నట్టు కొట్టి పంపుతున్నాను.

మజ్జిగ పులిసింది.

దిండు తీసెయ్. ఎత్తు.

గ్యాస్ కట్టేసినావా.

పక్క మంచం దాని మొగుడు పూలు తెచ్చినాడు.

ఈ చివరిది నా కోసం రాసింది. ఆ రోజు పూజ అడిగితే, ఫ్యాన్ తగ్గించమంటోంది అని చెప్పాను. ఇవాళ సరిగ్గా పంపాను. పూజ జవాబులో బొటనవేలి బొమ్మ తప్ప ఏమీ ఉండదు.

చాలాకాలం తరవాత రాధారాణి ఇంట్లో విసుక్కుంటున్నట్టు ఉంది. పని తొందరగా అయిపోకూడదనిపిస్తోంది.


ఏప్రిల్ 10

ఇదే ఆఖరిది అని రాసి ఒక ఫొటో పంపింది. డిసెంబర్ 14 నాటిది.

రెండు లైన్లు ఉన్నాయి.

కొబ్బరినీళ్ళు చాలు.

దీన్ని రేపు రానీకు. దీని ఏడుపు మొహం చూడలేను.

అప్పుడు పూజ మంచం చివర కూర్చుని తల్లి పాదాలకు వాజలీన్ రాస్తోంది. ఏమంటోంది అని తలెత్తి అడిగింది. కొబ్బరినీళ్ళు చాలట అన్నాను. ఇంత రాసింది, అంతేనా అని నవ్వింది. మర్నాడు నాకు మందుకు వెళ్ళే పని పడింది. నేనే పూజను సెలవు పెట్టి రమ్మన్నాను.

మొదటి లైను కొట్టాను. కుడి పెట్టెలోది పంపాను.

బొటనవేలు రాలేదు.


ఏప్రిల్ 11

పొద్దున్నే ఆ ఫొటో తిరిగొచ్చింది. రెండో లైను చుట్టూ ఎర్రగా గీత గీసి ఉంది. కింద పూజ బంగ్లా అక్షరాల్లో తెలుగు రాసింది. ఇంతకుముందెప్పుడూ అలా రాయలేదు. 'ఇది ఏది నాన్నా?'

అది రాత కాదు, చెయ్యి జారి పడ్డ గీత అని జవాబిచ్చాను.

'నా చేతి మీద ఉన్న అక్షరాలు నేను నేర్చుకున్నాను. దీంట్లో నాలుగైదు కనిపిస్తున్నాయి. గీత కాదు.'

ఎడమ పెట్టె తెరిచాను. 'దీన్ని రేపు కూడా రమ్మను. దీని మొహం చూస్తే ధైర్యం' అని కొట్టాను. కుడి పెట్టెలో తప్పు లేకుండా వచ్చింది. ఒక్క అక్షరం విడిపోలేదు. నేను చేసినది అన్నిటికంటే బాగా పనిచేసింది ఇవాళే. ఏది కొట్టినా దానికి ఒకటే.

కాపీ చేశాను. పంపే బొత్తాం మీద వేలు పెట్టాను. అప్పుడే ఫోను మోగింది.

పూజ గది బయట రోడ్డు మీద ఉన్నట్టుంది. లారీలు వెళుతున్న చప్పుడు.

"కొడతన్నావా?"

"కొడుతున్నాను."

"అబద్ధం కొడితే నాకు తెలీదు నాన్నా. తెలీదని నీకు తెలుసు."

పెట్టేసింది.

ఎడమ పెట్టెలోది చెరిపేశాను. వెనక్కి నొక్కుతూ ఒక్కో ముక్కా చెరిపాను. సున్నా, ఆ తరవాత అక్షరం. కుడి పెట్టెలో కూడా అలాగే పోయింది. రెండూ ఖాళీ అయ్యాక అసలు లైను కొట్టడానికి కూర్చున్నాను. 'దీన్ని' దాకా కొట్టి ఆగాను. ఫోనులో పంపితే చదివేటప్పుడు ఒక్కతే ఉంటుంది. గదిలో మిగతా అమ్మాయిలు షిఫ్టుకు వెళ్ళి ఉంటారు.

లేదా, ఫోనులో పంపితే చదివేటప్పుడు ఆ ముఖం నేను చూడక్కర్లేదు. ఇన్నాళ్ళూ చేసింది అదే.


ఏప్రిల్ 12

ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో పెట్టాను. ఇవాళ ఆదివారం, పూజకు సెలవు. అయినా వెళ్ళలేదు. పగలంతా వెళ్ళడానికి తయారవుతూనే ఉన్నాను.

పూజకు కబురు పెట్టాను. వస్తున్నాను, నీ ముందే కొడతాను అని. చాలాసేపటికి జవాబు వచ్చింది. 'డ్యూటీ తొమ్మిదికి. ఆ లోపు రా.'

రేపు పొద్దున్న మొదటి బస్సుకు ఇండస్ట్రియల్ పార్క్ వెళ్తాను. ల్యాప్‌టాప్ ఆమె మంచం మీద పెట్టి, ఫొటో ఎడమ పెట్టె పక్కనే తెరుస్తాను. ఆమె చూస్తూ ఉండగా రెండో లైను ఒక్కో అక్షరం కొడతాను. ఉన్నది ఉన్నట్టు. ఆమె చదవడం అయ్యేదాకా అక్కడే కూర్చుంటాను, నోరు విప్పను, ముఖం తిప్పుకోను.